రాయి అద్దానికే తాకిందా, నాకు తాకలేదా?

హనుమకొండ దగ్గరి ఒక ఊరి నుంచి ఒక అక్క రాసిన ఉత్తరం ఇది. ఊరి పేరూ, మనుషుల్ని గుర్తుపట్టే వివరాలూ తీసేశాను.

ఆమె తమ్ముడు ఇంటర్ అయినప్పటి నుంచి సైన్యంలో చేరాలని తెల్లవారుజామున లేచి పరుగెత్తేవాడు. ర్యాలీలో 1600 మీటర్ల పరుగు పూర్తి చేశాడు, మెడికల్ పాసయ్యాడు. ఇక రాత పరీక్షే మిగిలింది. అది కరోనా పేరుతో వాయిదాల మీద వాయిదాలు పడింది. 2022 జూన్ 14న కేంద్రం, సైనికుల్ని నాలుగేళ్లకే తీసుకునే అగ్నిపథ్ పథకాన్ని ప్రకటించింది. పాత పద్ధతిలో జరగాల్సిన నియామకాలు అక్కడితో ఆగిపోయాయి. మూడు రోజులకు, జూన్ 17 ఉదయం, సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లోకి దూసుకెళ్లిన వందల మంది యువకుల్లో ఇతనూ ఉన్నాడు. ఆ రోజు అక్కడ రైలు బోగీలు కాలాయి. అరెస్టయ్యాడు, బెయిల్ మీద బయటికొచ్చాడు. కేసు ఇంకా నడుస్తోంది. ఇప్పుడు హైదరాబాద్‌లో డెలివరీ పని చేసుకుంటున్నాడు.

తండ్రి రిటైరైన ఆర్టీసీ డ్రైవర్. చాలా ఏళ్ల కిందట, తెలంగాణ ఉద్యమం ఊపందుకోకముందు, ఏదో పార్టీ బంద్ రోజున ఆయన నడుపుతున్న బస్సు మీదికి ఎవరో రాయి విసిరారు. ముందద్దం పగిలి గాజు ముక్క ఎడమ కంట్లో గుచ్చుకుంది. ఆ కంటికి చూపు సరిగా తిరిగి రాలేదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా స్టీరింగ్ పట్టకుండా డిపోలోనే పని చేశారు. కొడుకు అరెస్టయిన రోజు నుంచి ఆయన కొడుకుతో మాట్లాడటం లేదు. "తప్పు చేసిన అని ఒక్క మాట అనమను. తర్వాత ఇంట్లకు రమ్మను" అన్నది ఆయన షరతు. రాయి విసిరినవాళ్లు బస్సునే కదా కొట్టింది, నిన్ను కాదు కదా అని ఎవరైనా అంటే ఆయన ఒకటే అంటారట: "రాయి అద్దానికే తాకిందా, నాకు తాకలేదా?"

తమ్ముడి మాట వేరు. "నేను మనిషి మీద చెయ్యి వేసిన్నా అక్కా? బోగీకి నొప్పి పుడతదా? మనిషిని కొడితే హింస. వస్తువు పగిలితే అది నిరసన." పైగా తండ్రికి ఎదురు ప్రశ్న కూడా వేశాడు. 2011 మార్చి 10న, మిలియన్ మార్చ్ నాడు, ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలను కూల్చి హుస్సేన్‌సాగర్‌లో పడేస్తుంటే టీవీ ముందు కూర్చుని చప్పట్లు కొట్టింది బాపు కాదా? అప్పుడు లేని హింస ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది? దానికి తండ్రి ఏమీ అనకుండా చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయారు.

అక్క మూడు విషయాలు అడిగారు. ఆస్తిని ధ్వంసం చేయడం హింస అవుతుందా కాదా మీరే తేల్చండి, ఇద్దరికీ చదివి వినిపిస్తాను. వాళ్లిద్దరినీ కలపడానికి నేనేం చేయాలి? తమ్ముడి ఫోన్‌లో ఆ రోజు వీడియో ఒకటి ఉంది, అది తీసేయించనా?

అమ్మా, చివరిది ముందు చెబుతాను, ఎందుకంటే అది ఆగేది కాదు. ఆ వీడియోను మీరు ముట్టుకోకండి, తమ్ముడితో తీసేయించకండి. కేసు నడుస్తుండగా సాక్ష్యం కాగల దాన్ని మాయం చేయడం ఇంకో నేరం అవుతుంది, అందులో మీరు కూడా ఇరుక్కుంటారు. దాని సంగతి వకీలుకి చెప్పాలి, ఏం చేయాలో ఆయన చెబుతారు. ఇంకో మాట. ఆ రోజు స్టేషన్‌లో తాను ఏం చేశాడని తమ్ముడు మీతో చెప్పాడో మీరు ఒక పేరా రాశారు. దాన్ని ఇక్కడ వేయలేదు. వకీలుతో చెప్పుకున్న మాటకు చట్టంలో రక్షణ ఉంది. భార్యాభర్తల మధ్య మాటకు ఉంది. అక్కాతమ్ముళ్ల మధ్య మాటకు లేదు. అందుకే బాపు అడుగుతున్న "ఒక్క మాట"ను తమ్ముడు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపితే గొడవ తీరిపోతుందన్న మీ ఆలోచన నాకు చాలా భయం కలిగించింది. ఇంట్లో శాంతి కోసం పంపిన మెసేజ్ కోర్టులో ఒప్పుకోలుగా తేలే ప్రమాదం ఉంది.

ఇక తేల్చమన్నదాని గురించి. నా అభిప్రాయం దాచుకోను, చెబుతాను. కానీ దయచేసి ఎవరికీ చదివి వినిపించకండి. పేపర్లో కూడా ఇట్లనే రాశారు అని మీరు అన్న మరుక్షణం, ఓడిపోయినట్టు అనిపించినవాళ్లు మళ్లీ చెప్పులేసుకుని బయటికి వెళ్తారు.

బస్సు ముందద్దానికీ డ్రైవర్ మొహానికీ మధ్య దూరం ఎంతో మీ బాపుని అడిగితే చెబుతారు. స్టీరింగ్ మీంచి చెయ్యి చాపితే అద్దం అందుతుంది. ఎదురుగా వచ్చే రాయికి, బస్సు వేగం కూడా కలిసి, దెబ్బ ఇంకా పెరుగుతుంది. కంట్లోంచి రక్తం కారుతున్నా ఆయన బ్రేకు మీద కాలు తీయకుండా, వెనక నిండుగా ఉన్న జనంతో సహా బండిని రోడ్డు పక్కకు తెచ్చి ఆపారని మీరు రాశారు. హ్యాండ్‌బ్రేక్ వేశాకే రుమాలు తీశారని కూడా. ఆ రాయి విసిరిన కుర్రాడిని ఆ సాయంత్రం ఎవరైనా పట్టుకుని అడిగి ఉంటే ఏమనేవాడు? "నేను బస్సును కొట్టిన, డ్రైవర్‌ను కాదు" అనేవాడు. అబద్ధం కూడా చెప్పి ఉండడు. ఇప్పుడు అదే వాక్యాన్ని మీ బాపు సొంత కొడుకు నోట వింటున్నారు. ఆయన కోపమంతా స్టేషన్ గురించే అని నేను అనుకోవడం లేదు.

కాబట్టి కదిలే బండి మీద, మనుషులున్న బండి మీద పడిన రాయి విషయంలో నాకు అనుమానమే లేదు. అది మనుషుల మీద హింసే. అద్దం మధ్యలో అడ్డం వచ్చిందంతే. చట్టం కూడా దీన్ని అలాగే చూస్తుంది. రైల్వే చట్టంలో 151వ సెక్షన్ రైల్వే ఆస్తిని తగలబెట్టడం, పాడుచేయడం గురించి. దానికి శిక్ష గరిష్ఠంగా 5 ఏళ్లు. ఆ పక్కనే ఉన్న 152వ సెక్షన్, లోపలున్నవాళ్లకు ప్రమాదమని తెలిసీ రైలు మీద రాయి వేయడం గురించి. దానికి 10 ఏళ్ల దాకా జైలు, యావజ్జీవం కూడా పడొచ్చు. బోగీ మొత్తం కాలిపోయినదానికంటే ఒక్క రాయికే ఎక్కువ శిక్ష రాసి పెట్టారంటే, చట్టం లెక్క వేసేది ఇనుము ఖరీదుని కాదు.

అలాగని మీ తమ్ముడి వాదన మొత్తం చట్టం ఒప్పుకుంటుందని కాదు. అల్లరి మూక నేరంలో 'హింస' అంటే మనుషుల మీదే జరగాలని లేదు, వస్తువుల మీద జరిగినా అందులోకే వస్తుందని న్యాయస్థానాలు చాలాకాలంగా చెబుతున్నాయి. 1984 నాటి ప్రజా ఆస్తుల నష్ట నివారణ చట్టంలో మామూలు ధ్వంసానికి 5 ఏళ్ల దాకా శిక్ష అయితే, నిప్పు పెడితే కనీసం ఏడాది, గరిష్ఠంగా 10 ఏళ్లు. నిప్పుకి ఎందుకంత? వెలిగించినవాడి చేతిలో అది ఎక్కువసేపు ఉండదు కాబట్టి. ఖాళీ బోగీ అనుకుని అంటిస్తారు, పక్క బోగీలో ఎవరో పిల్లకు పాలు పడుతూ ఉంటుంది. రైలు ఖాళీగా ఉందో లేదో గుంపులో ఎవరూ నడిచి చూసి రారు.

2016 జనవరి 31న కాపు రిజర్వేషన్ల ఆందోళనలో తునిలో రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌ని తగలబెట్టినప్పుడు ప్రయాణికులు సామాన్లతో దిగి పరుగులు తీశారు. ఎవరూ పోలేదు. పోలేదు కాబట్టి అది వస్తు నష్టం మాత్రమే అని ఆ పట్టాల మీద పరుగెత్తినవాళ్లతో అనగలమా? సికింద్రాబాద్‌లో కూడా పార్శిళ్లు పట్టాల మీద వేసి కాల్చారు. పార్శిల్ మీద ఒక పేరు ఉంటుంది. అది ప్రధానమంత్రి పేరు కాదు.

మీ తమ్ముడు నిజంగా ఆలోచించే మనిషైతే ఆయన్ని ఒకటి అడగొచ్చు. ఏదో గొడవలో నిందితుడన్న పేరుతో అధికారులు ఒకరి ఇంటి మీదికి బుల్డోజర్ తోలితే, ఇంట్లోవాళ్లను బయట నిలబెట్టి గోడలు మాత్రమే కూల్చితే, అది హింస కాదా? గోడకు నొప్పి పుట్టదు. ఎవరి మీదా చెయ్యి పడలేదు. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు, నిందితుడన్న కారణంతో ఇల్లు కూల్చడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పినప్పుడు మీ తమ్ముడు సంతోషించే ఉంటాడు. నేనూ సంతోషించాను. వస్తువును పగలగొడితే హింస కాదన్న సూత్రం ఆ రోజు మనకు అక్కరకు రాదు.

ఇప్పుడు విగ్రహాలు. ఈ ప్రశ్న న్యాయమైనది. మీ బాపు లేచి వెళ్లిపోయారంటే, అది ఆయనకూ తెలుసు. శ్రీశ్రీ, జాషువా, అన్నమయ్య తెలంగాణకు ఏం అన్యాయం చేశారని ఆ రాత్రి తెలంగాణవాదుల ఇళ్లలో కూడా వాదన జరిగే ఉంటుంది. నేనైతే దాన్ని బస్సు మీద రాయితో ఒకే గాటన కట్టను. ఆ విగ్రహాలను తర్వాత మళ్లీ నిలబెట్టారు, మీ బాపు కన్నుని మళ్లీ తెచ్చివ్వగలిగినవాళ్లు లేరు. అయినా అది ఉత్త రాతి మీద కోపం కూడా కాదు. మనం గౌరవించేవాళ్లకు ఈ ఊళ్లో చోటు లేదు అని కొన్ని ఇళ్లలో ఆ దృశ్యం చూసి అనుకున్నారు. రక్తం రాలేదు, భయం వచ్చింది. దాన్ని హింస అనాలా అంటే నేను అనను. ధ్వంసం అంటాను, చేయాల్సింది కాదు అంటాను. ఇక్కడ నాతో ఏకీభవించనివాళ్లు చాలామంది ఉంటారు. మీ ఇంట్లో అసలు ఇబ్బంది ఏమిటంటే, 'హింస' అన్న మాట ఒప్పుకుంటే కొడుకు పనికిరానివాడని తేలిపోతుందని ఇద్దరూ నమ్ముతున్నారు. కాదని తేలితే బాపు కన్ను లెక్కలోంచి పోతుందని కూడా. ఆ రెండూ నిజం కాదు.

ఈ గీత ఎక్కడ గీయాలన్నది మన దగ్గర కొత్త తగాదా కూడా కాదు. 1942లో క్విట్ ఇండియా తీర్మానానికి కొద్ది రోజుల ముందు తమ నాయకుడు కళా వెంకటరావు పేరుతో ఆంధ్ర కాంగ్రెస్ ఒక సర్క్యులర్ పంపింది. టెలిగ్రాఫ్ తీగలు కోయడం, గొలుసు లాగి రైళ్లు ఆపడం అందులో ఉన్నాయి. పట్టాలు మాత్రం తొలగించవద్దని, ప్రాణాలకు ప్రమాదం రాకూడదని హెచ్చరిక కూడా ఉంది. అచ్చం మీ తమ్ముడి గీతే. తీగ వేరు, మనిషి వేరు. అదే ఏడాది ఆగస్టు 12న తెనాలిలో జనం రైల్వే స్టేషన్‌కు నిప్పు పెట్టారు. పోలీసులు కాల్చారు. ఏడుగురు చనిపోయారు. రణరంగ చౌక్‌లో వాళ్లను ఇప్పటికీ గౌరవంగా తలుచుకుంటారు, తలుచుకోవాలి కూడా. ఇక గాంధీ మాత్రం 1944లో జైలు నుంచి బయటికొచ్చాక విధ్వంసం కూడా హింసలో ఒక రూపమేనన్న వైపే నిలబడ్డారు. స్వాతంత్ర్యం కోసం పోరాడినవాళ్లే దీని మీద ఒక్క మాట మీద లేరు.

తెనాలి నుంచి నేను గమనించేది ఇంకోటి. కాలింది స్టేషన్, పోయింది మనుషులు. సికింద్రాబాద్‌లోనూ అంతే. ఆ రోజు కాల్పుల్లో చనిపోయింది ప్రయాణికుడు కాదు, మీ తమ్ముడి లాంటి కుర్రాడే, మీ వరంగల్ వైపు పిల్లవాడే. తుపాకీ పేల్చినవాళ్ల బాధ్యత పేల్చినవాళ్లదే, దాన్ని కుర్రాళ్ల నెత్తిన వేయను. కానీ నిప్పు పెట్టిన చోట తుపాకీ వస్తుందని ఈ దేశంలో అందరికీ తెలుసు. ఆ పిల్లల్ని అక్కడికి రమ్మని గ్రూపుల్లో మెసేజ్‌లు పెట్టినవాళ్లకు ఇంకా బాగా తెలుసు.

మీ తమ్ముడి పక్షాన నేను ఒక్కటి గట్టిగా చెబుతాను. ఆయనకు జరిగింది చిన్న అన్యాయం కాదు. రెండేళ్లు నియామకాలు ఆపి, పరుగు గెలిచి మెడికల్ దాటిన పిల్లల్ని పరీక్ష కోసం కూర్చోబెట్టి, నాలుగేళ్ల ఉద్యోగం, అందులో పాతిక శాతం మందికే కొనసాగింపు అని ఒక ప్రకటనతో ముగించారు. గొడవలు మొదలయ్యాక ఆ ఒక్క ఏడాదికి వయసు పరిమితి 21 నుంచి 23కి పెంచారు. అప్పటికే అది దాటిపోయినవాళ్ల సంగతి ఎవరూ అడగలేదు. మీ తమ్ముడిది అదే వయసు. ఒక్క అద్దం పగలకుండా ఒక జీవితం దారి తప్పింది. మీ ఉత్తరంలో ఎక్కడా ఆ మాట బాపు అన్నట్టు లేదు. తప్పు ఒప్పుకోమన్నారు గానీ, నీకు అన్యాయం జరిగింది బిడ్డా అన్నట్టు లేదు.

అట్లాగే బాపుని ఆ రోజు బస్సులో ఏం జరిగింది, నొప్పి ఎన్నాళ్లుంది, స్టీరింగ్ వదిలాక ఎట్లా గడిచింది అని తమ్ముడు ఒక్కసారైనా అడిగినట్టు కూడా లేదు. ఇంట్లో ఆ కథ అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ అడగరు.

ఇక మీరు చేయగలిగినవి. తమ్ముడితో ఎలాగోలా ఆ ఒక్క మాట అనిపించొచ్చు. పండగకు ఇంటికొస్తాడు, అమ్మ సంతోషిస్తుంది. కానీ నోటితో అని మనసులో అనుకోనిదాన్ని మీ బాపు లాంటివాళ్లు ఇట్టే పట్టేస్తారు, తమ్ముడు మీ మీద కూడా కోపం పెంచుకుంటాడు. అది రాతలో ఉంటే వచ్చే ప్రమాదం పైన చెప్పాను. బాపునే షరతు వదులుకోమని బతిమాలొచ్చు. వయసు పైబడినకొద్దీ ఆయన వదులుకోవచ్చు కూడా, కానీ తన కన్ను గురించి ఈ ఇంట్లో ఎవరికీ పట్టలేదన్న బాధ మిగిలిపోతుంది. కేసు తేలేదాకా ఆగుదాం, అప్పుడు అన్నీ వాటంతటవే సర్దుకుంటాయి అనుకోవచ్చు. తుని కేసును విజయవాడ రైల్వే కోర్టు కొట్టేసింది 2023 మేలో. అంటే ఏడేళ్లు. అమ్మ ఆరోగ్యం గురించి మీరు రాసింది చూస్తే అంత సమయం ఉందని నాకు అనిపించడం లేదు. పైగా కోర్టు కొట్టేసినా, శిక్ష వేసినా, బాపు అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు.

నాకు కొంచెం నమ్మకం ఉన్న దారి ఒకటుంది. అడిగేదాన్ని మార్చడం. స్టేషన్ గురించి ఎవరూ ఎవరినీ అడగకుండా, ఒక్కసారి కలిసి కూర్చోవడం. తమ్ముడు బస్సు గురించి అడగాలి, బాపు ఆ పరుగు గురించి, రాని పరీక్ష గురించి అడగాలి. ఇద్దరికీ ముందే విడివిడిగా చెప్పండి, ఇది రాజీ కాదు, షరతు అలాగే ఉంది అని. మీ బాపు దగ్గర కొడుక్కి చెప్పాల్సింది ఇంకోటి ఉంది, అది ఆయనకు గుర్తు చేయండి. 2011 సెప్టెంబర్ 13న మొదలైన సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది, ఆర్టీసీ కార్మికులూ అందులో దిగారు, తానూ ఉన్నానని ఆయన చెబుతుంటారని మీరే రాశారు. ఒక్క అద్దం పగలగొట్టకుండా బస్సుల్ని ఆపిన మనిషి ఆయన. జీతం పోగొట్టుకుని ఆపారు. కొడుకు వాదనకు ఆయన దగ్గరున్న అసలైన జవాబు అదే, కానీ దాన్ని దెప్పిపొడుపుగా అంటే పాడైపోతుంది. సమ్మె చేయడానికి ఆయనకు ఉద్యోగం ఉంది, కొడుక్కి అది కూడా లేదు. ఆ తేడా ఆయన తనంతట తాను ఒప్పుకుంటే మాట ముందుకు సాగుతుంది.

ఇది విఫలం కావచ్చు. పది నిమిషాల్లో విగ్రహాలూ స్టేషనూ మళ్లీ వచ్చేయొచ్చు. వస్తే మీరు జడ్జిగా కూర్చోకండి, టీ పెట్టే నెపంతో లేచి వెళ్లండి. వాళ్లు మిమ్మల్ని చూసి వాదిస్తున్నారు, మీరు లేకపోతే గొంతు కొంచెం తగ్గుతుంది. అమ్మ చేత అటూ ఇటూ కబుర్లు మోయించడం మాత్రం ఇప్పుడే ఆపేయండి.

వచ్చే వాయిదా లోపు వకీలుని తమ్ముడు ఒక్కడే కలిసి మాట్లాడాలి, మీరు బయట కూర్చోండి. చార్జిషీట్‌లో ఏ సెక్షన్లు ఉన్నాయో, 151 మాత్రమేనా 152 కూడా ఉందా, ప్రజా ఆస్తుల చట్టం కింద నిప్పు పెట్టిన అభియోగం ఉందా అన్నది మొదట అడగమనండి, శిక్షల్లో తేడా పైన చూశారు కదా. నష్టం సొమ్ము జమ చేయమని కోర్టులు బెయిల్ దశలో షరతు పెట్టే వీలుంది కాబట్టి, అలాంటిదేమైనా బాకీ ఉందో కూడా కనుక్కోవాలి. ఫీజు భారమైతే జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టుకోండి, డెలివరీ పని ఆదాయంతో ఉచిత న్యాయ సహాయానికి అర్హత ఉండే అవకాశం ఉంది.